ఆ మూడింటినీ కదపొద్దు

పై స్టేషన్, కంట్రోల్ రూమ్

అక్కయ్యకు,

ఫోనులో మాట్లాడుకుంటే మనిద్దరం ఒకరి మాట ఒకరం పూర్తి కానివ్వం. మొన్న కూడా సగంలో పెట్టేశాం. కాగితం మీదైతే మీరు నాకు అడ్డు రాలేరు, నేను మీకు రాలేను. మీ మరిది ఈ ఏర్పాటు విని, తోడికోడళ్ళు శాంతి ఒప్పందం రాసుకుంటున్నారా అని నవ్వారు. నవ్వినందుకు ఆయన్నే టపా మనిషిని చేశాను. రోజూ రోప్‌వే మొదటి క్యాబిన్‌లో కిందికి పనికి దిగుతారు కదా, మీ గుమ్మం దాటే వెళ్ళాలి.

తల తిరుగుడు ఎలా ఉంది? చెవి డాక్టరు కొత్తగా ఏమన్నారు? వంట బావగారు చేస్తున్నారని విన్నాను. ఆ వంట తిన్నాక తిరిగే తలను చెవి లెక్కలో రాయకండి.

ఇక పని సంగతి. ఇన్నేళ్ళు మీరు కూర్చున్న కుర్చీ నాకింకా అలవాటు కాలేదు. మన లినక్స్ మిషన్‌కు నిన్న అప్‌గ్రేడ్ నడిపాను. నూట చిల్లర సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు బుద్ధిగా కొత్తవయ్యాయి. మూడు మాత్రం కదల్లేదు. ఏమిటా అని అడిగితే వాటిని ఎవరో కొత్తవి కాకుండా హోల్డ్‌లో పెట్టారని చెప్పింది. ఎవరో ఏమిటి, మీరే. ఒకటి టవర్ మీది గాలిమీటరు నుంచి అంకెలు చదివే లైబ్రరీ, మిగతా రెండూ దాని తోకలు. పేర్లు చూపిస్తుంది గాని, ఎందుకు ఆపారో ఆ జాబితా చెప్పదుగా. మీరు చెప్పండి.

వచ్చే వారం బీమా కంపెనీ వాళ్ళ తనిఖీ మనిషి వస్తున్నాడు. కొత్త మేనేజరు ఇప్పటినుంచే చొక్కా నలగకుండా తిరుగుతున్నాడు.

మీ చెల్లి


కింద ఊరు, ఇంటి నుంచి

చెల్లీ,

ఉత్తరం చేరింది. మరిది కాఫీ తాగకుండానే పరిగెత్తాడు. తల సంగతి అడిగావు. పక్క మీద తిరిగి పడుకుంటే గది కూడా నాతోపాటు తిరుగుతుంది. క్యాబిన్ ఎక్కే మాట ఎత్తొద్దని డాక్టరు మళ్ళీ అన్నాడు. చుట్టు రోడ్డులో రోజూ వచ్చిపోలేను, అంటే ఆ గదిలోకి నేనిక రానట్టే. ఆ కుర్చీ వెనక చక్రం ఒకటి బిగుసుకుపోతుంది, కొంచెం నూనె వెయ్యి.

ఆ మూడింటినీ కదపొద్దు. నిన్ను అక్కడ పెట్టమని మేనేజరు దగ్గర హామీ పడింది నేనే. మిగతా మిషన్ అంతా నీ ఇష్టం, రంగులు మార్చుకో, పేర్లు మార్చుకో. ఆ మూడు మాత్రం అలా ఉండనీ.

మీ బావగారి వంట గురించి రాసింది ఆయనకు చదివి వినిపించాను. రెండు రోజులు అలిగి వంట మానేస్తారని ఆశపడ్డాను. మానలేదు.

అక్క


పై స్టేషన్

అక్కయ్యకు,

తనిఖీ అయింది. ఆ మనిషి నవ్వడు, కూర్చోడు, నిలబడే రాసుకుంటాడు. మిషన్‌లో ఉన్న ప్రతి ప్యాకేజీ వెర్షనూ తీసుకుని తన దగ్గరున్న లోపాల పట్టీతో పోల్చాడు. ఎర్ర గీత పడింది ఒక్కచోటే, మీరు ఆపిన లైబ్రరీ దగ్గర. పాత వెర్షన్‌లో కన్నం ఉందట. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రాగలిగినవాడు దాని గుండా మన కంట్రోల్ మిషన్‌లోకి దూరవచ్చట. క్యాబిన్లను నడిపే మిషన్, అక్కయ్యా. ఎవడో ఎక్కడో కూర్చుని మనుషులు ఎక్కిన తాడును ఆడించగలడంటే నాకు అన్నం సయించలేదు.

మేనేజరు నన్ను పిలిచి, ఎందుకు ఆపారని అడిగాడు. మా అక్కయ్య ఆపారన్నాను. అదేమైనా కారణమా అన్నాడు. పోనీ మీ అక్కయ్యనే రాసివ్వమను అన్నాడు. ఈ నెలాఖరులోగా ఎర్ర గీత పోకపోతే బీమా ఉండదు, బీమా లేకపోతే రోప్‌వే నడవదు. పై ఊరి ఆస్పత్రికి డ్యూటీ నర్సులు, బడికి టీచర్లు, అందరూ దీని మీదే కదా వచ్చిపోయేది.

కారణం ఒక్క వాక్యంలో రాసి పంపండి. దాన్ని పట్టుకుని నేను పోట్లాడతాను. వద్దంటే వద్దు అన్నది నేను వాళ్ళ ముందు పెట్టలేను.

చెల్లి


కింద ఊరు

చెల్లీ,

కొత్త వెర్షన్‌లో గాలి లెక్క సరిగా రాదు. నా కళ్ళతో చూశాను. ఇదే ఆ ఒక్క వాక్యం.

ఆ మేనేజరు ఉద్యోగంలోకి రాకముందు నుంచీ ఆ మిషన్‌ను నేను కాపాడాను. నా కుర్చీలోకి వచ్చినవాళ్ళు నన్ను సంజాయిషీ అడిగే రోజు వస్తుందనుకోలేదు. చాలు.

అక్క


పై స్టేషన్

గౌరవనీయులైన అక్కయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీ మాట మేనేజరుగారికి చెప్పాను. ఆ విషయం ఇక మీరు మనసులో పెట్టుకోవద్దు. ఇక్కడ అంతా సవ్యంగా ఉంది. ఎర్ర గీత పోయింది. తనిఖీ మనిషి పంపిన కాగితం మీద అన్నీ పచ్చగానే ఉన్నాయి. రేపు మధ్యాహ్నం దిగి, కింద ఆఫీసులో దాని మీద సంతకాలు చేయించుకోవాలి.

ఇక్కడ వాన ముసురు పట్టి వదలడం లేదు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, కంట్రోల్ రూమ్ అద్దాలకు ఎవరో సున్నం కొట్టినట్టుంది. మొదటి టవర్ కూడా కనబడదు. గాలి మాత్రం దయ చూపిస్తోంది. నిన్న ఉదయం నుంచీ ఎప్పుడు చూసినా స్క్రీన్ మీద గాలి వేగం పదకొండే. ఇంత నెమ్మదైన వానాకాలం తన సర్వీసులో చూడలేదని ఆపరేటరు కూడా అన్నాడు.

మీ మరిదికి జలుబు తగిలింది. బావగారిని అడిగానని చెప్పండి.

ఇట్లు
మీ మరిది భార్య


పై ఊరు, ఆస్పత్రి వరండా

అక్కయ్యా,

ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే చలి వల్ల అనుకోండి. నిన్న ఫోనులో మీతో నేనేం మాట్లాడానో నాకు గుర్తు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న సోమవారం ఆ మూడింటికీ హోల్డ్ తీశాను. మీకు చెప్పలేదు. చెబితే మీరు ఒంటికాలి మీద లేస్తారని చెప్పలేదు. ఊరికే తీసెయ్యలేదు. కొత్త వెర్షన్లు ఎక్కించి, ఆపరేటరును చేతిమీటరుతో టవర్ ఎక్కించాను. పైనుంచి ఆయన చెప్పిన అంకే స్క్రీన్ మీదా వచ్చింది. రెండు రోజులు అలా చూశాను, తేడా లేదు. అప్పుడు ఎండ కాసింది. అక్కయ్య ఊరికే బెట్టు చేస్తోందని అనుకున్నాను. మీ దగ్గర దాచను, కొంచెం సంబరపడ్డాను కూడా.

నిన్న మధ్యాహ్నం సంతకాల కోసం క్యాబిన్ ఎక్కాను. నాతోపాటు డ్యూటీ దిగిన నర్సు, ఇద్దరు టీచర్లు, కూరగాయల బుట్టతో ఒక ముసలావిడ. క్యాబిన్ ఎక్కేచోటు కొండ చాటున ఉంది కదా, అక్కడ ఏమీ తెలియలేదు. రెండో టవర్ దాటాక కొండ అడ్డు తొలగింది. క్యాబిన్ పక్కకు వాలింది. వాలి, మళ్ళీ ఇటు రాలేదు, అలాగే ఉండిపోయింది. ముసలావిడ బుట్ట జారి కూరగాయలన్నీ ఒక మూలకు చేరాయి. గాలి ఎక్కువగా ఉంటే వేగం తగ్గాలి కదా, ఎందుకు తగ్గడం లేదని టీచరు నన్నే అడిగాడు. కంట్రోల్ రూమ్ దాన్నని వాళ్ళకు తెలుసు. గాలి గంటకు నలభై కిలోమీటర్లు దాటితే మిషన్ దానంతటదే వేగం తగ్గిస్తుందని, అరవై దాటితే ఆపేస్తుందని నేనే బడిలో పిల్లలకు చెప్పి వచ్చాను. తగ్గలేదు. అప్పుడు నాకు స్క్రీన్ మీది పదకొండు గుర్తొచ్చింది.

సంచిలో ఫోను మోగుతూనే ఉంది. అది మీరేనని తర్వాత తెలిసింది. రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నదాన్ని, ఎలా తీయను.

మీరు కంట్రోల్ రూమ్‌కు చేసిన ఫోను గురించి ఆపరేటరు చెప్పాడు. ఇక్కడ గాలే లేదమ్మా, పదకొండే ఉంది అన్నాడట. మీరు, "స్క్రీన్ వదిలెయ్యి. తలుపు తీసి బయట నిలబడు" అన్నారట. ఆ గదికి జంట అద్దాలు, లోపల మోటారు మోత తప్ప ఏమీ వినబడదు. ఆయన లోయ వైపు తలుపు గడియ తీయగానే గాలి దాన్ని చేతిలోంచి లాగేసి గోడకు కొట్టిందట. పరిగెత్తుకొచ్చి చేత్తో వేగం తగ్గించాడు.

అప్పటికి మేము మూడో టవర్ దగ్గర ఉన్నాం. క్యాబిన్ పక్కభాగం టవర్ చేతికి తగిలింది. ఒక అద్దం పగిలింది. ముసలావిడ మీద పడకుండా నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. వేగం తగ్గకముందు తగిలి ఉంటే ఏమయ్యేదో ఆపరేటరు చెప్పబోతే నేను వినలేదు.

ఆపరేటరు మమ్మల్ని మెల్లగా వెనక్కి పైకి లాగాడు. నర్సు మణికట్టు విరిగింది. ఇప్పుడు లోపల కట్టు కడుతున్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

రోప్‌వే ఆపేశారు. విచారణ ఉంటుందట. మీరు నా ఉత్తరంలో ఆ పదకొండు చూసి లేచారని మీ మరిది చెప్పారు. నేను మీకు వెటకారంగా రాసిన ఉత్తరం అది.

చెల్లి


కింద ఊరు

చెల్లీ,

ముందు తిండి తిను. తినడం లేదని మరిది చెప్పాడు.

ఆ రోజు మా వీధిలో రేకులు ఎగురుతున్నాయి. నువ్వు నన్ను గారు అని పిలిచినందుకు కోపంతో ఉత్తరం పక్కన పడేసి, మళ్ళీ ఇంకా కోపం తెచ్చుకుందామని తీశాను. పదకొండు దగ్గర ఆగాను. గాలి అన్నాక రెండు నిమిషాలు ఒక్క అంకె మీద నిలబడదు. లేచి ఫోను దగ్గరికి వెళ్ళేలోపు తల తిరిగి రెండుసార్లు గోడ పట్టుకున్నాను.

నువ్వు కారణం అడిగావు. నేను చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర లేదు. రెండేళ్ళ కింద ఒక వానలో కొత్త వెర్షన్ ఎక్కించాను. కాసేపు అంకె బిగుసుకుపోయింది. నేను చూస్తూ ఉండగానే మళ్ళీ కదిలింది. ఎందుకో అర్థం కాలేదు. పాత వెర్షన్ పెట్టి హోల్డ్ వేసి, ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. తెలియదు అన్న ఒక్క మాట నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రాసి ఉంటే నువ్వు వానలో కూడా పరీక్ష చేసి ఉండేదానివి.

ఇంకో సంగతి. నిన్న మేనేజరు మా ఇంటికి వచ్చాడు. కూర్చుని, నా ఆరోగ్యం అడిగి, మెల్లగా అసలు మాటకు వచ్చాడు. వద్దని నేను ముందే స్పష్టంగా హెచ్చరించానని, నువ్వు లెక్కచెయ్యలేదని విచారణలో చెప్పమన్నాడు. తను నిన్ను తొందరపెట్టిన మాట మాత్రం ఎత్తలేదు. అలా చెబితే నీ బదులు నేనే ఇంటి నుంచి ఆ మిషన్ చూసుకునేలా లైను వేయిస్తానన్నాడు. క్యాబిన్ ఎక్కే పని లేదు, మళ్ళీ ఆ మిషన్ నా చేతుల్లోకి వస్తుంది.

నాకు ఆశ పుట్టింది. దాచి ఏం లాభం. కాఫీ తెస్తానని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మీ బావగారు వచ్చి, పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది, చూసుకోలేదా అన్నారు. కాఫీ లేకుండానే బయటికి వచ్చాను.

"హెచ్చరించాను. కారణం అడిగితే మాత్రం నోరు విప్పలేదు. విచారణలో రెండూ చెబుతాను. రెండో మాట మీకు పనికిరాదనుకుంటే నన్ను పిలవకండి" అన్నాను.

ఆయన మొహం మాడ్చుకుని వెళ్ళాడు. నన్ను పిలిచినా పిలవకపోయినా నేను రాసి పంపుతాను.

స్టోరులో గాలిమీటరు ఇంకొకటి ఉండాలి. అడిగి తీసుకుని దిగిరా. ఒక పాత కంప్యూటర్‌కు కొత్త వెర్షన్లు ఎక్కించి అదీ తీసుకురా. రోడ్డు మీదుగా రా. ఆ అంకె ఎందుకు ఆగుతుందో నాకు తెలియాలి.

అక్క


పై స్టేషన్

అక్కయ్యకు,

విచారణ ముగిసింది. మీరు రాసి పంపింది అందరి ముందూ చదివారు. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు హెచ్చరిక ఇచ్చారు, ఏడాది పాటు జీతం పెరగదు. ఉద్యోగం ఉంచారు. నాకు ఎంత గడువు పెట్టారు, ఎవరు పెట్టారు అని కూడా అడిగారు. ఆ జవాబు మేనేజరే చెప్పుకోవాల్సి వచ్చింది.

మీ వంటింటి బల్ల మీద మనం కనిపెట్టిందే అక్కడ నిలబడింది. మీరు మీటరు తీగ కలిసేచోట తడిగుడ్డ చుట్టమన్నప్పుడు, బావగారు టేబుల్ ఫ్యాను పట్టుకుని నిలబడినప్పుడు, ఇదేం పిచ్చి అనుకున్నాను. ఫ్యాను ఆపినా స్క్రీన్ మీద పాత అంకె అలాగే నిలబడిపోయింది. మీ మొహం నేను మర్చిపోను. తేమకు తీగలో సంకేతం తెగితే, పాత వెర్షన్ తెగిందని చెప్పేది. కొత్తది చెప్పకుండా, ఆఖరున విన్న అంకెనే మళ్ళీ మళ్ళీ అప్పజెబుతోంది. ఇదంతా రాసి ఆ లైబ్రరీ తయారుచేసేవాళ్ళకు పంపాను.

వాళ్ళు సరిచేసేవరకు ఉండనీ అని పాత వెర్షన్లు ఎక్కించి మూడింటినీ మళ్ళీ హోల్డ్‌లో పెట్టాను. తనిఖీ మనిషి కన్నం అన్నాడు కదా, కంట్రోల్ మిషన్‌ను ఆఫీసు నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడదీశాను. అతను వచ్చి చూసి ఒప్పుకున్నాడు. ఈసారి కూర్చున్నాడు కూడా. మేనేజరుకు భయం పట్టుకుని, అసలు ఏ ప్యాకేజీనీ ఎప్పుడూ అప్‌గ్రేడ్ చెయ్యొద్దన్నాడు. కుదరదన్నాను. ఆపాల్సినవి మూడే, ఆ మూడూ ఎందుకో రాసి గోడకు అంటించాను.

రోప్‌వే మళ్ళీ నడుస్తోంది. నర్సు కట్టు విప్పారు. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. వారం వారం వెళ్ళి వస్తున్నాను. మొదట ఇద్దరం గోడ వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మాట్లాడుతోంది.

అసలు ఇందుకే రాస్తున్నాను. లైబ్రరీ వాళ్ళు లోపం సరిచేసి కొత్త వెర్షన్ విడుదల చేశారు. మన స్టోరు మీటరుకు తగిలించి ఈ వానలన్నీ చూశాను. తడిసినప్పుడల్లా రీడింగ్ లేదని ఎర్రగా చూపిస్తోంది. రీడింగ్ లేకపోతే రోప్‌వే ఆగిపోయేలా మన ప్రోగ్రాములోనూ రాశాను. టవర్ మీద తీగ కలిసేచోట కొత్త పెట్టె బిగించడానికి మనిషి వచ్చే నెల గాని రాడు.

హోల్డ్ తీయవచ్చు. చెయ్యి రావడం లేదు. మీరు తీయమంటే తీస్తాను.

చెల్లి


కింద ఊరు

చెల్లీ,

నేను తీయమనను, వద్దనను. ఆ మిషన్ నాకంటే నీకే బాగా తెలుసు ఇప్పుడు. ఈ మాట రాయడానికి నాకు రెండు కాగితాలు చిరిగాయి.

తీసిన రోజు మనుషుల్ని ఎక్కించకముందు పరీక్షకు ఒక ఖాళీ క్యాబిన్ పైకి వస్తుంది కదా, అందులో నేనెక్కుతాను. డాక్టరును అడగలేదు. మీ బావగారిని అడిగితే తనూ వస్తానన్నారు, వద్దన్నాను. వాన పడే రోజే పెట్టు.

అక్క


పై స్టేషన్

అక్కయ్యకు,

మీరూ, మీకోసం రోడ్డు మీదుగా పైకి వచ్చిన బావగారూ అదే దారిన క్షేమంగా ఇల్లు చేరారని మీ మరిది చెప్పారు. మీరిక్కడ ఉండగా ఎదురుగా చెప్పలేనివి రాస్తున్నాను.

ఆ ఉదయం హోల్డ్ తీసి, మూడింటినీ అప్‌గ్రేడ్ చేసి, మిషన్‌ను మళ్ళీ మొదలుపెట్టి, క్యాబిన్ ఎక్కమని మీకు వాకీటాకీలో చెప్పాను. వాన సన్నగా పడుతోంది. మీరు కళ్ళు మూసుకున్నానని, గాలి అంకెలు చదువుతూ ఉండమని అన్నారు. చదివాను. ఇరవై రెండు, పంతొమ్మిది, ఇరవై ఆరు. మీరు ప్రతిదానికీ ఊఁ అన్నారు. నాలుగో టవర్ దాటాక మీ ఊఁ సన్నబడింది. అయినా చదవమన్నారు.

మూడో టవర్ దగ్గరికి వస్తుండగా స్క్రీన్ ఎర్రబడింది. అంకె మాయమైంది. రీడింగ్ లేదు అని వచ్చింది. మోటారు మోత తగ్గి, ఆగిపోయింది. మీరు లోయ నడిమధ్యన ఉన్నారు. తల తిరిగే మనిషిని అక్కడ వేలాడదీశాను.

చేత్తో నడిపేస్తే మిమ్మల్ని త్వరగా లాగేయవచ్చు, నడపమంటారా అని ఆపరేటరు అడిగాడు. నేను జవాబు చెప్పేలోపు మీ గొంతు వచ్చింది. "ఆగింది కదా. అంటే అబద్ధం చెప్పడం లేదు. ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అన్నారు. ఆ తర్వాత వాకీటాకీలో ఊపిరి మాత్రం వినబడింది.

మళ్ళీ రీడింగ్ వచ్చింది. పద్దెనిమిది. రోప్‌వే దానంతటదే కదిలింది.

మీరు దిగి, మొహం పాలిపోయి, మెట్ల మీద కూలబడ్డారు. నేను నీళ్ళు తెచ్చాను. మీరు తాగకుండా, ఎంతసేపు ఆగిందో రాసుకున్నావా అన్నారు. లేదన్నాను. మరి అంతసేపూ ఏం చేశావన్నారు. వెనక నుంచి ఆపరేటరు, "ఏడ్చిందండీ" అన్నాడు. మీరు నవ్వారు. నవ్వితే తల ఇంకా తిరిగి, నా భుజం పట్టుకున్నారు.

ఆయన చెప్పింది నిజమే. ఆగినంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. కానీ అక్కయ్యా, రెండు చేతులూ ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఏ బటన్ మీదా వెయ్యలేదు.

మీ చెల్లి